గల్లీ తెలిసింది, ఇల్లు తెలియలేదు

“గల్లీల మగ్గాలు ఒక్క గంట ఆపమని అడుగు బాపు,” అంది ఋతుజ మూడోసారి.

కరెంటు మగ్గం దగ్గరున్న రాజారాం కూతురి వైపు తిరగలేదు. “మంది కడుపు నేనెట్ల కొట్టాలె? నేనడుగ.”

కిందటిసారి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఈ చప్పుడుకే పోయింది. రైల్లో ఉన్నారా అమ్మా అని అడిగారు అవతలివాళ్లు. ఈసారీ పోతే పరిశోధన మానేసి హోట్గి రోడ్డు ట్యూషన్లలో లెక్కలు చెప్పుకోవడమే. కుంఠా నాకాలో స్నేహితురాలి ఇల్లు అడిగి చూసింది. అక్కడా మగ్గాలే. కన్నకూతురి కోసం నోరు విప్పని తండ్రి మీద కోపమొచ్చింది. పోట్లాడే ఓపిక లేక పైగదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఫోన్ నెట్‌తో ల్యాప్‌టాప్ తెరిచిందో లేదో, కరెంటు పోయింది. గల్లీ మొత్తం మూగబోయింది. అడగని దేవుడే వరమిచ్చాడనుకుంది.

ఆకాశంలో గామా కిరణాలు ఎక్కణ్నుంచి వస్తున్నాయో వెతకడం ఆమె పని. “గామా టెలిస్కోపు గల్లీ వరకే చెబుతుంది,” అంది ఇంటర్వ్యూలో. “ఏ ఇల్లో చెప్పలేదు. అదే చోటును ఎక్స్-రేల్లో చూస్తే ఇల్లు దొరుకుతుంది. ఆ కిరణాల్ని పుట్టించే కణాల్ని అంత వేగంగా తోస్తున్నదెవరో అక్కడ తెలుస్తుంది.”

ఈసారి రైలు మాట ఎవరూ ఎత్తలేదు.

కిందికి దిగేసరికి తల్లి యల్లమ్మ బీడీలు చుడుతూ సణుగుతోంది. గల్లీ ఫ్యూజు పోతే వైర్‌మన్ కోసం ఆగకుండా ఎప్పుడూ రాజారామే వేస్తాడు. పోయిన వారం కంచం ముందు నుంచి లేచి ఉరికిన మనిషి, ఇవాళ తంబాకు తెచ్చుకొని వచ్చి గడప మీద కూలబడ్డాడు. గల్లీవాళ్లు పిలిచినా కదల్లేదట. ఒక చెయ్యి ఛాతీ మీదే ఉంది.

ఋతుజ కోపమంతా దిగిపోయింది. “గుండెల నొస్తుందా బాపు?”

“లేదు బిడ్డా. అలిసిపోయిన. నీది మంచిగైందా?”

“అయింది. నువ్వడగకున్నా కరెంటు పోయింది, నా నసీబు.”

చెడింది ఈ గల్లీలోనే, సరిగ్గా ఎక్కడన్నది వచ్చి చూస్తేగాని తెలియదని వైర్‌మన్ ఫోన్లో చెప్పాడట. సాయంత్రం వస్తాడట.

“గంత దాంక ఎందుకు, నేనే జూసొస్త,” అంటూ రాజారాం లేవబోయి, ఛాతీ మీది చేతిని గోడకు ఆనించాడు.

ఆ చెయ్యి కప్పి ఉంచిన చొక్కా జేబులో గల్లీ ఫ్యూజు ఉంది.