పది రోజుల పరీక్ష

శ్రవణ్ కుమార్ చేతిలో ఏ వస్తువూ పాస్ కాదు.

ఆత్మకూరులో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ అతను. ఆన్‌లైన్‌లో వస్తువు తెప్పిస్తాడు. నోటుబుక్కు తెరిచి నూటికి మార్కులేస్తాడు. పదో రోజున ఫెయిల్ చేసి వెనక్కి పంపేస్తాడు. పది రోజుల్లోపు నచ్చలేదంటే డబ్బు మొత్తం వాపసు ఇస్తారు మరి! షరతు ఒక్కటే. వస్తువు కొత్తదానిలా ఉండాలి. ఒంటి మీద గీత పడకూడదు.

చుట్టాలొచ్చినప్పుడు తెప్పించిన కూలర్, వాళ్లు వనపర్తి బస్సెక్కిన మర్నాడే ఫెయిలైంది. క్రికెట్ ఫైనల్‌కు వచ్చిన ప్రొజెక్టర్, కప్పు ఎవరిదో తేలగానే ఫెయిలైంది. భార్య సౌందర్య ముచ్చటపడ్డ గ్రైండర్ అయితే, అది రుబ్బిన పిండి ఇంకా గిన్నెలో పొంగుతుండగానే వెళ్లిపోయింది. ఆ రోజు ఆమె ఏడ్చింది.

"ఏడిస్తే మార్కులు కలుస్తయా?" అన్నాడు శ్రవణ్ కుమార్.

ఈసారి వచ్చింది లేజర్ మిషన్. ఇంట్లో చిన్న చిన్న పనులు చేసుకునే సరదా మనుషుల కోసం తయారైంది. నల్లటి పెట్టె, నారింజ రంగు అద్దం మూత, అడుగున స్టీలు రేకు. లోపల నీలికాంతి సూదిలా దిగి చెక్క మీద అక్షరాలు కాలుస్తుంది. పలచటి ప్లైవుడ్‌ను బిస్కెట్లలా కోస్తుంది. ధర నలభై రెండు వేలు.

కాలేజీ వార్షికోత్సవానికి నలభై చెక్క జ్ఞాపికలు "నా చేతులతోని చేసిస్త సార్" అని ప్రిన్సిపాల్‌కు మాటిచ్చాడు. చేతులు ఎవరివైతేనేం?

మొదటి రోజే సౌందర్య పక్కన కూర్చుని చూసింది. గంటలో పట్టేసింది. పక్కింటి కుల్సుమ్‌బీ మనవరాలి పేరుతో ఓ చిన్న బోర్డు కోసింది. సాయంత్రానికల్లా ఇంకో ముగ్గురు అడిగారు.

"ఇది ఇంట్లుంటే నేను బోర్డులు చేసి అమ్ముకుంట," అంది.

"పరీక్షల పాసైతే ఉంటది."

"పరీక్ష పెట్టేది మీరే గద."

"మరి నేను గాక కుల్సుమ్‌బీ పెడతదా?"

సౌందర్య మిషన్ మీది చెక్కపొడిని కొంగుతో తుడిచింది.

రెండో రోజు కాలేజీ నుంచి వస్తుంటే ఇంటి గేటు దగ్గర గౌస్ పాషా ఎదురయ్యాడు. గిన్నెల దుకాణం ముందు కూర్చుని, చేతి మిషన్‌ను గుర్రుమనిపిస్తూ స్టీలు సామాన్ల మీద పేర్లు కొడతాడు. ఆత్మకూరులో ఏ ఇంటి చెంబు తిప్పి చూసినా ఆయన చేతిరాతే.

"ఏంది పాషా భాయ్, మా ఇంట్ల దావత్ గిట్ల ఉన్నదా?"

"మేడమ్ పిలిచిన్రు సారూ. పేరు కొట్టి పోతున్న."

"లోపల లేజర్ మిషన్ దిగింది. ఇగ నీ దుకాణం బంద్. మూట కట్టుకో."

"మస్తుగున్నది సారూ మీ మిషన్. బరువు గూడ మంచిగున్నది," అని నవ్వాడు గౌస్ పాషా. "గని ఒక్క ముచ్చట. నేను కొట్టిన పేరు మాత్రం పోదు."

లోపల సౌందర్య గిన్నెలు సర్దుతోంది.

"ఇంట్ల లేజర్ పెట్టుకొని ఆ ముసలాయన్ను ఎందుకు పిలిచినవ్?"

"మీ మిషన్‌తోని స్టీలు మీద పేరు పడ్తదా?"

శ్రవణ్ కుమార్ మొహం వెలిగిపోయింది. ఫెయిల్ చేయడానికి ఇంత మంచి ప్రశ్న తనకు తట్టనే లేదు!

కంపెనీ పుస్తకంలో స్టీలు మీద కూడా గుర్తు పడుతుందనే ఉంది, నెమ్మదిగా నడిపితే. అతను ఓ స్టీలు ప్లేటు లోపల పెట్టి, వేగం చివరికంటా పెంచాడు. ఫెయిల్ చేయదలచుకున్న పిల్లవాడిని ఏ ప్రశ్న ఏ వేగంతో అడగాలో లెక్చరర్‌కు తెలియదా? ప్లేటు మీద పొగలాంటి మరక పడింది. బొటనవేలితో రుద్దితే అదీ పోయింది. ఫొటో తీసుకుని నోటుబుక్కులో రాశాడు. 'లోహం: సున్నా.'

ఆ తరువాత ఏడు రోజులూ సున్నా తెచ్చుకున్న మిషన్ చేత నలభై జ్ఞాపికలు కోయించాడు. అంచులు అద్దంలా వచ్చాయి. వార్షికోత్సవంలో ప్రిన్సిపాల్ అతనికి శాలువా కప్పి, "ఇవి మా శ్రవణ్ సార్ చేతులు" అంటూ రెండు చేతులూ పైకెత్తి చూపించాడు.

పదో రోజు ఉదయం కొరియర్ సాంసన్ వచ్చాడు.

"మళ్ల మీరేనా సారూ!"

"నేనేం చెయ్యాలె? మార్కెట్ల సరైన సరుకొస్తలేదు."

సౌందర్య సాంసన్‌కు చాయ్ తెచ్చి ఇచ్చింది. కూలర్ పోయినప్పుడు మంచినీళ్లు కూడా ఇవ్వని మనిషి. తలుపుకు ఆనుకుని అక్కడే నిలబడింది. కంట్లో తడి లేదు. ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందనుకున్నాడు శ్రవణ్ కుమార్.

"కారణం ఏం రాయాలె సారూ?"

"రాస్కో. స్టీలు మీద అక్షరం పడదు. గీత గూడ పడదు."

సాంసన్ ఫోన్‌లో కొట్టుకున్నాడు. నాలుగు పక్కలా ఫొటోలు తీశాడు. పైన తీశాడు.

"జర పట్టుండ్రి సారూ. అడుగు గూడ తియ్యాలె."

ఇద్దరూ పెట్టెను పక్కకు వాల్చారు. ఫోన్ పట్టుకున్న సాంసన్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

అడుగున స్టీలు రేకు మీద, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, గౌస్ పాషా చేతిరాతలో, ఎనిమిది రోజుల నాటి తేదీతో సహా, లోతుగా కొట్టి ఉంది: 'సౌందర్య, ఆత్మకూరు.'