తల వంచిన బఠానీలు

"లోపలేం చేస్తున్నావమ్మా? నాలుగింటికి కమిటీ వాళ్లొస్తున్నారు!" బయట నుంచి ప్రొఫెసర్ అరిచారు.

"తలుపు రావట్లేదు, నావల్ల కావట్లేదు సార్," అంది పరిశోధక విద్యార్థిని.

అది చీకటి గది. కిటికీ లేదు. మూలన చిన్న ఆకుపచ్చ బల్బు. గాలి ఆడక చెమటలు కారుతున్నాయి. ఆమె తలుపుకు వీపు ఆనించి, మోకాళ్లు కావలించుకుని కూర్చుంది. ఎదురుగా పన్నెండు గాజుపెట్టెలు. ఒక్కోదాంట్లో ఒక మగ్గిన పండు, గుప్పెడు బఠానీ మొలకలు.

పండు నుంచి వచ్చే వాయువు మొక్కలకు హార్మోను. అది సోకితే చీకట్లో పెరిగే మొలక పొట్టిగా, లావుగా అయి తల వంచేస్తుంది. తాను తయారుచేసిన రకానికి ఆ వాయువు తెలియనే తెలియదనీ, నిటారుగా పెరుగుతుందనీ ప్రొఫెసర్ ఊరంతా చాటారు. కమిటీ సరేనంటే ఆ విత్తనం రైతులకు వెళ్తుంది.

పన్నెండు పెట్టెల్లోనూ ఉన్నవి ఆ రకం మొలకలే. అన్నీ తల వంచే ఉన్నాయి.

పొద్దున ఆ సంగతి చెబితే ఆయన అన్నారు: "వాళ్లొచ్చేలోపు అవన్నీ చెత్తకుప్పలో ఉండాలి. నేను నిటారుగా ఉన్నవాటి ఫొటోలు చూపిస్తాను. నీకు డిగ్రీ కావాలా, వద్దా?"

ఆమె తల వంచుకుంది. మూడేళ్లుగా అదే ఆమె జవాబు.

"ఏమయ్యా, ఇంకెంతసేపు?" బయట ప్రొఫెసర్ అటెండరు మీద విసుక్కున్నారు.

"ఇది ముప్పై రెండో తాళంచెవి సార్," అన్నాడు అటెండరు తాపీగా. "ఇంకా పదకొండున్నాయి."

"ఏ గదికి ఏదో కూడా తెలీదా నీకు?"

"తమరు ఇటు రావడం ఇదే మొదలు కదండీ. ముందే చెప్పుంటే నూనె వేసి ఉంచేవాణ్ణి."

"బద్దలు కొట్టు!"

"కొడతాను సార్. ఆఫీసు సొత్తు కదా, తమరు ఓ సంతకం పెడితే..." గొంతు పెంచాడు. "అమ్మడూ, భయపడకు! నేనున్నా."

"అలాగే బాబాయ్," అంది ఆమె లోపల్నుంచి.

కారిడార్‌లో బూట్ల చప్పుడు. ఎవరో పెద్దావిడ అడిగింది. "మొక్కలు ఇందులోనేనా?"

"అబ్బే, తలుపు ఇరుక్కుపోయిందండీ. నా గదికి పదండి, ఫొటోలు..."

కిర్రుమంటూ తలుపు తెరుచుకుంది. వెలుగు పన్నెండు పెట్టెల మీదా పడింది. పెద్దావిడ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది.

"ఇవన్నీ తల వంచాయేం?"

"అవును మేడమ్. అన్నీ వంచాయి," అంది విద్యార్థిని, తల ఎత్తి.

అటెండరు గుత్తిని జేబులో వేసుకున్నాడు. ఆ తలుపు తాళం పీకేసి ఏళ్లయింది, బయట ఉత్త తాళంచెవి కన్నమే మిగిలింది, ఎవరూ తెరిచి వెలుగు పడనివ్వకుండా అతనే బిగించిన గడియ మాత్రం లోపలి వైపు ఉంది.