సగం దాటని ముల్లు

"ట్యాంకు మీద ఒక్క దెబ్బ కొట్టి చప్పుడు వింటే చాలు, ఎంత డీజిలుందో చుక్కలతో సహా చెప్తాను. నాకు మీటరెందుకు?" అన్నాడు బావ.

ఆ మాట ఆయన ట్రక్కును వెనక నుంచి తోస్తూ అన్నాడు.

బామ్మర్ది కిటికీలోంచి చెయ్యిపెట్టి స్టీరింగు తిప్పుతున్నాడు. మలుపు దగ్గర ఆగిపోయిన బండిని షెడ్డులోకి చేర్చేసరికి ఇద్దరికీ చెరో పదేళ్ల వయసు పెరిగింది. ట్రక్కుకి మాత్రం ఇంక పెరగడానికి వయసు మిగల్లేదు.

"చుక్కలతో సహా చెప్తానన్నావుగా, ఎన్నున్నాయి?" అడిగాడు బామ్మర్ది.

"ఒక్కటీ లేదు. కావాలంటే చూసుకో."

షెడ్డు బామ్మర్దిదే. అక్క పోయి కొన్ని నెలలైంది. ఆ రోజు బావ ఏడవలేదు. వచ్చినవాళ్లకి అడ్డంగా ఉందని ట్రక్కును ముందుకోసారి, వెనక్కోసారి జరుపుతూ కూర్చున్నాడు. అప్పటినుంచీ నవ్వడం కూడా మానేసి, జోకులు మాత్రం వేస్తున్నాడు.

"ఈ మీటరు మార్చెయ్‌రా. నిండా పోయించినా ముల్లు సగం దాటదు. నాలుగు వీధులు తిరిగితే ఖాళీ మీద పడుకుంటుంది."

"ఇన్నేళ్లూ పడుకోనిచ్చావుగా?"

"ఇన్నేళ్లూ రోజూ బంకుకి వెళ్లేవాణ్ణి."

బంకులో రెండో పంపు దగ్గర డీజిలు కొట్టేది అక్కే. పెళ్లికి ముందూ అదే పంపు, తర్వాతా అదే పంపు.

"ముల్లు పడిపోగానే చేతులు అలవాటుగా బండిని అటు తిప్పేస్తున్నాయి" అన్నాడు బావ. "అక్కడ ఇంకో అమ్మాయి నిలబడి ఉంటుంది. పాపం, ఆ అమ్మాయి తప్పేముంది? పోయించుకోకుండానే వచ్చేస్తున్నాను. అందుకే ఇవాళ ఈ తోపుడు. సరైన మీటరుంటే ఎప్పుడో ఓసారి వెళ్లి, నింపుకుని, తల తిప్పకుండా వచ్చేస్తాను."

బామ్మర్ది డాష్‌బోర్డు స్క్రూ ఒకటి విప్పాడు. కాసేపు చూసి దాన్నే మళ్లీ బిగించాడు.

"ఉంచేద్దాం బావా. పాత బండి, పాత మీటరు. పొరుగువాళ్లలా సర్దుకుపోతాయి."

"తియ్."

విప్పక తప్పలేదు.

"పెళ్లికి ముందు, బండి కొన్న కొత్తలో మీటరు బాగానే ఉండేది" అన్నాడు బావ, సీటుకి ఆనుకుని. "వారానికోసారి బంకు. మీ గురువుగారి దగ్గర సర్వీసుకిచ్చాక పట్టుకుంది ఈ రోగం. ట్యాంకేమో సముద్రం, ముల్లేమో ఎడారి. రోజూ బంకు ముందు ప్రత్యక్షం. మీ అక్క మూత తీసి, 'ఎక్కడ పొయ్యమంటారు, మీ జేబులోనా?' అనేది. ముల్లు చూపించేవాణ్ణి. 'ముల్లే అలా చెప్తుంటే మీరు మాత్రం ఏం చేస్తారు లెండి' అనేది. పిచ్చిది, నమ్మేసేది."

"అది తప్పు చూపిస్తోందని నీకు తెలీదా?"

"రెండో రోజే తెలిసింది. బాగుచేయించుకుంటే రోజూ వెళ్లడానికి ఇంకో వంకేదిరా? ఆఖరిదాకా చెప్పలేదు. కాపురమంతటికీ నేను చేసిన తెలివైన పని అదొక్కటే."

బామ్మర్ది ఇంకో స్క్రూ తీశాడు. అది చేతిలోంచి జారి కింద పడింది.

"టోపీ పెట్టుకునేది చూడు" బావ చెప్తూనే ఉన్నాడు. "రెండువైపులా రెండు పసుపు క్లిప్పులు ఉండేవి. ఒకటెక్కడో పోగొట్టుకుంది. అప్పట్నుంచీ టోపీ ఒక పక్కకి ఒరిగేది. ఆ ఒరుగుడు చూసే పడిపోయాను."

"ఇది చిన్న కారు మీటరు బావా" అన్నాడు బామ్మర్ది హడావుడిగా. "నీ ట్యాంకులో తేలే బెండు చెప్పే లెక్క వేరు, ఇది చదివే లెక్క వేరు. రెండిటికీ చచ్చినా పొసగదు."

"ఏ గాడిద పెట్టాడ్రా?"

"గురువుగారే అయ్యుంటారు. అప్పటికే ఆయనకి కళ్లు ఆనేవి కావు."

"నువ్వప్పుడు అక్కడే పని నేర్చుకునేవాడివిగా?"

"నేను నట్లు కడిగేవాణ్ణి. అంతే."

బావ చెయ్యి పెట్టి మీటరు లాగాడు. కన్నానికది చిన్నది. కదలకుండా పక్కన ఏదో దోపి ఉంది. మీటరుతో పాటు అదీ ఊడి, మసిముద్దలా ఆయన అరచేతిలో పడింది.

బావ దాన్ని చొక్కాకి తుడిచాడు. పసుపు రంగు బయటపడింది. మళ్లీ తుడిచాడు. ఇంకా పసుపు.

ఆ క్లిప్పును వెలుతురుకి ఎత్తి పట్టి అడిగాడు, "ఇది మీ గురువుగారిదా?"

బామ్మర్ది బదులు బిగించడానికి తీసిన కొత్త మీటరును పక్కన పెట్టేశాడు.

"పెట్టింది నేనే బావా, పెట్టించింది అక్క."