సుద్దగీత

టీవీలో ఉక్కు కంపెనీ షేరు ఇంకో అర్ధరూపాయి దిగింది. జీవన్ కుర్చీ అంచుకు జరిగి, తలుపు మీద పొద్దున తనే సుద్దముక్కతో గీసిన గీత వైపు చూశాడు. గీత పక్కన మూడువందల తొంభై నాలుగు అని రాసుంది. ధర అక్కడికి దిగిందంటే అమ్మేయాలి. మరో ఆలోచన పెట్టుకోకూడదు.

"ఇంకా రూపాయి ఉందిగా, అప్పుడే చెమటలెందుకు?" అన్నాడు పక్క కుర్చీలోని చలపతిరావు. ఆయన మేడమీద వాటాలో ఉండే రిటైరైన బ్యాంకు గుమాస్తా. షేర్లలో పాత కాపు. అనుభవం బోలెడంత మిగిలింది గానీ ఇంకేమీ మిగల్లేదు. తనకు తోడు దొరికాడన్న సంబరంతో రోజూ టీ వేళకు కిందికి దిగొస్తాడు.

నాచారంలో జీవన్ పనిచేసిన ఫ్యాన్ల కంపెనీ మూతపడి, పరిహారం చేతికొచ్చినప్పుడు షేర్లలో దిగుతానన్నాడు. ఇంట్లో గొడవేమీ జరగలేదు. భార్య సారలమ్మ గొడవపడే రకం కాదు, షరతు పెట్టే రకం. బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజరు మరి. కొనేముందే గీత గీయాలంది. గీత తగిలితే అమ్మాలి. రెండింటికి తమ ఫ్యాక్టరీ సైరన్ మోగగానే ఏమున్నా వదిలించుకుని, టీవీ కట్టేసి లేవాలి. ఇంటికొచ్చాక జరిగింది జరిగినట్టు చెప్పాలి. బోనాల దాకా ఇట్లా నడవాలి. ఒక్కనాడు తప్పినా షేర్ల ముచ్చట బంద్, అంబర్‌పేట్‌లో మేనమామ గోదాములో బస్తాలు దించడానికి పోవాల్సిందే.

జీవన్‌కు బస్తాలంటే భయం లేదు. సిగరెట్లు మానడం దగ్గర్నుంచి పొద్దున్నే పరుగెత్తడం దాకా అతను మొదలుపెట్టి వదిలేసినవి ఇంట్లో ఒక జాబితా అంత ఉన్నాయి. ఆమె ఎన్నడూ ఎత్తిపొడవలేదు. ఈసారి కూడా తప్పితే ఆమె ఏమీ అనకుండా ఊరుకుంటుందే, అదే అతని భయం.

ఎల్లుండి ఆదివారం బోనాలు. అంటే షరతు ప్రకారం ఇవాళ్టి షేర్ బజారే ఆఖరిది.

పొద్దున బామ్మర్ది విక్రమ్‌కు ఫోన్ చేసి, ఉక్కు షేర్లు వంద చెప్పాడు. విక్రమ్ ఉప్పల్‌లో షేర్ల ఆఫీసులో పని చేస్తాడు. "రాసుకున్న బావా," అని ఎప్పటిలాగే ముక్తసరిగా పెట్టేశాడు. అప్పుడు ధర నాలుగువందలు.

ఇప్పుడు మూడువందల తొంభై నాలుగుకు వచ్చేసింది.

జీవన్ ఫోన్ అందుకున్నాడు. అవతల మోగుతోంది గానీ విక్రమ్ ఎత్తడం లేదు. రెండోసారి కలిపేసరికి టీవీలో అంకె మారి, ధర గీత దాటి పైకి వచ్చింది. చలపతిరావు తొడ చరుచుకున్నాడు.

"చూశావా, అమ్మవారే ఆపింది. ఫోన్ పెట్టెయ్. నువ్వు అమ్మలేదు, గీతా తెగలేదు. ఎవరికి తెలుస్తుందయ్యా?"

నిజమే, ఎవరికీ తెలియదు. జీవన్ బొటనవేలు ఎర్రబటన్ మీదికి పోయింది కూడా. ఇన్నాళ్ల కష్టం ఈ ఒక్క శుక్రవారం నష్టంతో ముగియాలా అనిపించింది. సరిగ్గా అప్పుడే అవతల విక్రమ్ "చెప్పు బావా" అన్నాడు.

జీవన్ బటన్ మీంచి వేలు తీసేశాడు. "గీత తాకింది. తొంభై నాలుగు కాడ అమ్మినట్టు రాస్కో."

"ఇప్పుడు తొంభై ఆరున్నది గద బావా."

"తాకినప్పుడు తొంభై నాలుగే ఉండె. గదే రాయి."

చలపతిరావు నెత్తి కొట్టుకున్నాడు. ఆ షేరుకు కూడా జీవన్ మీద కక్ష ఉన్నట్టే ఉంది, అక్కణ్ణుంచి నిచ్చెన వేసుకుని ఎక్కింది. నాలుగువందలు దాటింది, నాలుగువందల ఐదూ దాటింది. జీవన్ పళ్లు బిగించి చూస్తూ కూర్చున్నాడు. సైరన్ మోగగానే టీవీ కట్టేశాడు. చలపతిరావు మనసొప్పక, మిగతాది చూడ్డానికి మేడెక్కాడు.

సారలమ్మ వచ్చి కాళ్లు కడుక్కుంటుండగానే ఆయన మళ్లీ దిగొచ్చాడు. "నాలుగువందల పన్నెండమ్మాయ్. మీ ఆయన బంగారంలాంటి షేరు పారేసుకున్నాడు."

ఆమె మొగుడి వైపు తిరిగింది. జీవన్ ఏదీ దాచలేదు. విక్రమ్ ఫోన్ ఎత్తకపోవడం, ధర మళ్లీ పైకి రావడం, ఎర్రబటన్ మీదికి వేలు పోవడం కూడా చెప్పాడు.

"ఊకుంటే నాకెట్ల తెలుస్తుండె?" అంది ఆమె.

"నీకు తెల్వదు. నాకు తెలుస్తది గద."

సారలమ్మ అతన్నే చూస్తూ నిలబడింది, అంతే. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె తనను ఇంత గర్వంగా చూడటం జీవన్ ఎరగడు. పోయిన లాభమంతా ఆ చూపులో తిరిగొచ్చినట్టు ఛాతీ నిండిపోయింది. చలపతిరావు కూడా మెత్తబడ్డాడు. ఈ నిగ్రహంలో సగం తనకుంటే మేడమీద అద్దెకుండే ఖర్మ పట్టేది కాదని ఒప్పుకున్నాడు.

సారలమ్మ బీరువా తెరిచి, పరిహారం వేసిన బ్యాంకు పాస్‌బుక్కు, జీవన్ ఫోటోలు రెండు తీసి బల్ల మీద పెట్టింది. రేపు శనివారం తనకు సెలవేనని, పొద్దున్నే ఉప్పల్‌లో తమ్ముడి ఆఫీసుకు పోయి షేర్ల ఖాతా తెరుద్దామని చెప్పింది.

"ఇంకో ఖాతా ఎందుకమ్మాయ్, ఉన్నది చాలదా?" అన్నాడు చలపతిరావు.

ఆమె కొంగుతో తలుపు మీది సుద్దగీత తుడుస్తూ నవ్వింది.

"ఇన్నాళ్లు తమ్ముడు ఉత్తగ పుస్తకంల రాసుకున్నడు. ఈయన ఇంకా ఒక్క షేరు గూడ కొనలే సార్."