మెడ చుట్టూ చెయ్యి

“మళ్ళీ,” అన్నారు మాస్టారు.

ఆమె మళ్ళీ మ్యాట్ మీద కూర్చుంది. పొద్దుటినుంచి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి చేసి రెక్కలు పడిపోయాయి. అయినా కాదనలేదు. ఆ రోజే కొత్తగా చేరిన దర్జీ అమ్మాయి వెనకనుంచి ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసి బిగించింది.

“గడ్డం దించు. మోచేతి మడతవైపు తిప్పు. రెండు చేతులతో వాడి మణికట్టు పట్టుకుని కిందికి లాగు. ఊపిరి ఆడుతోంది కదా అని ధీమా పడకు. ఊపిరి ఆగేలోపే తలకెక్కే నెత్తురు ఆగి కళ్ళు మూతలు పడతాయి.”

ఆమె లాగింది. సగంలో సత్తువ చాలక, అమ్మాయి చేతిమీద రెండుసార్లు తట్టింది. తడితే వదిలెయ్యాలి. ఈ కుస్తీలో మొదటిరోజు నేర్పే మర్యాద అది. అమ్మాయి వదిలేసింది.

మాస్టారు రెండు చేతులతో మొహం రుద్దుకున్నారు. “తట్టొద్దన్నానా? వాడు తడితే వదిలే రకం కాదు.”

ఆమె కాలరు పక్కకి జరిగింది. మెడ మీద కమిలిన మచ్చ. దారం పోగు కూడా తప్పించుకోలేని కళ్ళు దర్జీ అమ్మాయివి. ఇంట్లో ఆయనేనా అక్కా, అని మెల్లిగా అడిగింది. ఆమె తలూపింది.

ఇక ఆ పిల్ల ఊరుకోలేదు. తాగొస్తాడా అంది. చుక్క ముట్టడు. పోనీ అనుమానమా? అదీ లేదు. మనిషి వెన్నలాంటివాడేనట, చీమకైనా దారిచ్చి నడుస్తాడట. ఎప్పుడో ఒకసారి ఒళ్ళు తెలియకుండా అలా మెడ పట్టేస్తాడట. తర్వాత అడిగితే గుర్తుండదట.

“అందరు మొగుళ్ళూ చెప్పేది అదే,” అంది అమ్మాయి. “గుర్తులేదంటే పోయిన ప్రాణం తిరిగొస్తుందా?”

మాస్టారు కిటికీవైపు తిరిగి నిలబడ్డారు. గది తలుపు గడియ పెట్టుకోమని, కాదంటే కొన్నాళ్ళు తమ్ముడింటికి వెళ్ళమని ఆమెకి చెప్పి చెప్పి ఆయన నోరు నొప్పెట్టింది. వినదు. ఇక మిగిలింది ఒక్కటే దారి. ఆ పట్టులోంచి బయటపడటం ఆమెకి వచ్చి తీరాలి. మొన్నటిసారి కొసప్రాణంతో బయటపడింది. ప్రతిసారీ ఆ అదృష్టం ఉండదు.

“ఆ మనిషిని మీరెరుగుదురా మాస్టారూ?”

“ఎరుగుదును. వాడి పట్టు సంగతీ ఎరుగుదును.”

“తెలిసీ ఊరుకున్నారా? సిగ్గుగా లేదూ?”

“ఉందమ్మా,” అన్నారాయన.

అమ్మాయి తన సంచీ అందుకుంది. చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కింద టైర్ల కొట్టులో ఎవరి బండికో గాలి కొడుతున్నారు. ఆమె రెండు గుక్కల నీళ్ళు తాగి, మళ్ళీ మ్యాట్ మీదికి వచ్చింది.

“ఆ పిల్లవి సూది పట్టే చేతులు. వాటినుంచి తప్పించుకుంటే ఏం లాభం? మీరు పట్టండి.”

ఇన్నాళ్ళూ నేర్పుతున్నా ఆయన ఆమె మెడ మీద చెయ్యి వెయ్యలేదు. ఎవరో ఒకరిని పట్టమని, పక్కన నిలబడి చెప్పేవారు.

“నావల్ల కాదు.”

“మీ పట్టు విడిపించుకుంటేనే నాకు వచ్చినట్టు.”

ఆయన ఆమె వెనక కూర్చున్నారు. చెయ్యి వేశారు, బిగించారు. ఆమె గడ్డం దించింది. ఆయన పళ్ళు బిగబట్టి, పాత పోటీలనాటి బలమంతా పెట్టారు. ఆమె తట్టలేదు. మణికట్టు లాగి, భుజం తిప్పి, నడుము జార్చింది. కాసేపు ఏదీ కదల్లేదు. అంతలో ఆయన చెయ్యి ఖాళీ అయిపోయింది.

“మళ్ళీ,” అంది ఆమె.

మళ్ళీ బయటపడింది. ఆ తర్వాతా బయటపడింది.

ఆయన అలాగే వెల్లకిలా పడిపోయి కళ్ళు మూసుకున్నారు. ఆమె ఆయన కిందిది తప్ప తక్కిన మ్యాట్లన్నీ గోడకి చేరేసింది. కిటికీలు మూసింది.

వచ్చి పక్కన కూర్చుని, గుంటలు పడ్డ ఆయన కళ్ళ కింద బొటనవేలితో నిమురుతూ, “లేవండి, ఇంటికెళ్దాం, రోజూ రాత్రంతా కుర్చీలో కూర్చుని తెల్లవార్చింది చాలు, ఇక కలలో మీరెవరితో కుస్తీకి దిగినా నేను విడిపించుకుంటాను, నా పక్కనే కంటినిండా నిద్రపోండి,” అంది.