నలభయ్యో కేంద్రం

“ఏడా? ఏడు పక్కన ఇంకేమైనా ఉందా అండీ?” అని అడిగింది లెక్కలమ్మాయి, ఫోను చెవికి అదుముకుని.

“పక్కనేం లేదండి. ఏడే,” అన్నాడు అవతలి నుంచి కొండమీది ఆరోగ్య కేంద్రం కాంపౌండరు.

“వారం మొత్తానికి?”

“సోమవారం ఇద్దరు, మంగళవారం ఒకరు, నిన్న నలుగురు. అందులో ఒకాయన మా మావగారేనండి. సొంతవాళ్లని రాయకూడదంటే ఆరు.”

“మావగారిని ఉంచండి,” అని ఆమె ఫోను పెట్టేసింది.

జాతీయ వ్యాధుల లెక్కల కార్యాలయంలో ఆమె పని ఇదే. దేశం నలుమూలల నుంచి ఎంచిన నలభై కేంద్రాలు జలుబు, దగ్గు, జ్వరంతో వచ్చినవాళ్ల సంఖ్యను ప్రతి శుక్రవారం ఆమెకు చెబుతాయి. వాటిని కూడి, చలికాలపు వైరసు ఎంత పెరిగిందో చూపించే గీత గీస్తుంది. అందుకే ఆఫీసులో ఆమెకు లెక్కలమ్మాయి అన్న పేరు స్థిరపడిపోయింది. చేరి ఐదు నెలలైంది. ఈ సీజను మొదటి ప్రకటన కింద ఈరోజే ఆమె సంతకం పడబోతోంది. వాళ్లింట్లో డిగ్రీ అనేది ఆమెతోనే గడప దాటి లోపలికి వచ్చింది. అందుకని వాళ్లమ్మ పొద్దున్నుంచి రెండుసార్లు ఫోను చేసింది.

“నీ పేరు టీవీలో కింద పాకుతూ పోతుందా, నిలబడి ఉంటుందా?”

“టీవీలో రాదమ్మా. కాగితం మీద ఉంటుంది.”

“పోనీ ఆ కాగితమే ఫొటో తీసి పంపు. మీ పిన్ని కాస్త కుళ్లుకోవాలి.”

కుళ్లుకునేలాగే ఉంది గీత. పోయినేడాది ఇదే వారంలో కేంద్రానికి సగటున ఆరుగురు. ఈ ఏడాది ఒక్కో కేంద్రంలో ముప్పై, అరవై, యాభై, తొంభై. నిచ్చెన వేసుకుని మరీ పైకి ఎక్కుతోంది.

పెద్దసారు వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. ఇరవై ఏళ్లుగా ఆ విభాగానికి ఆయనే అధికారి.

“ఎంత ముచ్చటగా లేచిందో చూశావామ్మా?”

“జబ్బు కదా సార్.”

“జబ్బే. నేను గీత సంగతి అంటున్నా. నాలుగింటికి పంపామంటే సోమవారం నుంచి దేశంలో బళ్లన్నీ పదిరోజులు మూసేస్తారు. పైవాళ్లు మన కాగితం కోసమే కూర్చున్నారు. ఇంకా ఆలస్యమెందుకు?”

“కొండ కేంద్రం ఒక్కటే కలవడం లేదు సార్. ఏడంటున్నారు.”

“ముప్పై తొమ్మిది మందిదీ ఒక దారి, ఈయనదో దారి. శిక్షణకి వచ్చాడా?”

ఆమె హాజరుపట్టీ తీసింది. సీజనుకు ముందు కేంద్రాలవాళ్లందరికీ శిక్షణ ఇచ్చింది ఆమే. భోజనాల తర్వాత ఎవరూ కునుకు తీయకుండా మధ్యమధ్య సామెతలూ ఛలోక్తులూ కలిపి చెప్పింది. అందరూ ప్రతి ముక్కా పుస్తకాల్లో రాసుకున్నారు.

“ఆయన రాలేదు సార్. ఆయనొక్కరే.”

“మరింకేం. నేర్చుకున్నవాళ్లు సరిగ్గా రాశారు. నేర్చుకోనివాడు ఏడుతో సరిపెట్టాడు.”

“బళ్లు మూయించాక మనది తప్పని తేలితే?”

“సంతకం నీది కదమ్మా,” అని నవ్వాడు పెద్దసారు. “ఇంకోసారి కనుక్కో. మాట వినకపోతే ఆ ఏడు తీసి అవతల పారెయ్యి.”

ఆమె మళ్లీ ఫోను కలిపింది.

“మీ కిందనున్న కేంద్రంలో అరవై అండీ. మీకు ఏడేమిటి? కొండగాలి అంత మంచిదా?”

“గాలి మంచిదేనండి. మనుషులూ బాగానే దగ్గుతారు. కాకపోతే ఏడుగురే దగ్గారు.”

“వచ్చినవాళ్లని రాస్తున్నారా, గుర్తున్నవాళ్లని రాస్తున్నారా?”

“పన్నెండేళ్లుగా రాస్తున్నానండి. ఒకళ్లని వదల్లేదు, ఒకళ్లని కలపలేదు.”

ఆమెకు మనసు చివుక్కుమంది. కానీ గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది.

“శిక్షణకి రాలేదు కాబట్టి మీకు పద్ధతి తెలీదు. కింది కేంద్రంవాళ్లు ఎలా రాస్తున్నారో అడిగి, సరిచేసి చెప్పండి. నాలుగింటిలోపల.”

“అలాగేనండి,” అన్నాడు, నొచ్చుకున్న గొంతుతో.

నాలుగైంది. ఫోను రాలేదు. ఆమె ఏడును తీసేసింది. పంటికింద రాయి ఊసేసినట్టయింది. ముప్పై తొమ్మిది కేంద్రాల లెక్కతో ప్రకటన తయారుచేసి, ఒకటికి రెండుసార్లు కూడి చూసుకుని, సంతకం పెట్టి పంపేసింది. ఫొటో అమ్మకు వెళ్లింది.

“సంతకం ఇంకాస్త పెద్దది పెట్టాల్సింది,” అని జవాబు వచ్చింది.

ఐదున్నరకు కబురు టీవీకి ఎక్కింది. ఎదుటి వీధిలో పిల్లలు పుస్తకాల సంచులు గాల్లోకి ఎగరేస్తున్నారు. మెట్ల దగ్గర పెద్దసారు ఎవరితోనో ఫోనులో “ఆ, మా అమ్మాయే కనిపెట్టింది” అంటున్నాడు. ఆమె పైకి విననట్టే ఉండి పూర్తిగా వింది.

అప్పుడు మోగింది ఫోను.

“ఆలస్యమైందండి, కిందివాళ్ల లైను ఇప్పుడే దొరికింది,” అన్నాడు కాంపౌండరు. గొంతులో నొచ్చుకోలు పోయి హుషారు వచ్చింది. “మీరన్నదే నిజమండి. పొరపాటు నాదే. మాది డెబ్బై వేసుకోండి.”

ఆమె హాయిగా కుర్చీలో వెనక్కి వాలింది. “చూశారా మరి. అరవై ముగ్గురూ ఇంతసేపూ ఎక్కడ దాక్కున్నారండీ?”

“ఎవరూ దాక్కోలేదండి. అందరూ రాస్తున్నట్టే నేనూ రాశాను. శిక్షణలో మీరు చెప్పిన పద్ధతేనటగా.”

“నేనేం చెప్పాను?”

“పడిశం పది రోగాల పెట్టు అని.”