పొయ్యి పక్క గోడ

డబ్బున్నవాళ్లకి మట్టి ఇంట్లో బతకడమే గొప్పయిపోయిన రోజులవి. పైడమ్మ గోడ అలికే తీరు ఒకసారి చూసి, అలుకు మర అనే మాట్లాడే యంత్రం ఆ పని నేర్చేసుకుంది. ఇప్పుడు ఏ ఇంటి గోడ చూసినా ఆవిడ వేళ్ల వంపులే.

తన గుడిసె మాత్రం ఆవిడ తన చేత్తోనే అలుక్కునేది. ఈ ఏడు మోకాళ్లు మొండికేశాయి. మరని పిలిచి, "ఇల్లంతా నా సెయ్యిలాగే ఉండాల" అని చెప్పి వాకిట్లో కూర్చుంది.

పనయ్యాక కూతురు గౌరి లోపలికి తొంగి చూసింది. "అమ్మా, పొయ్యి పక్క గోడ కూడా ఎంత బాగా సేసిందో!"

పైడమ్మ గుమ్మం పట్టుకుని లేచి లోపలికెళ్లింది. ఆ గోడని ఆవిడ ఏనాడూ అలకలేదు. అది చనిపోయిన తల్లి అలికిన గోడ. తల్లిది ఎడమచేతి వాటం. అక్కడి వంపులన్నీ ఎదురు తిరిగి ఉండేవి.

"ఆ గోడొక్కటే తేడాగా ఉందమ్మా. పాత మట్టి గీకేసి సరిచేశాను" అంది మర.

పైడమ్మ తడిగోడ మీద తల్లిలాగే ఎడమచెయ్యి ఆనించి లాగింది. వంపు వంకరపోయింది. మళ్లీ లాగింది.

మర దగ్గరికొచ్చి చూసింది. "ఇదీ నేర్చుకోనా అమ్మా?"

"వద్దు" అంది పైడమ్మ. "ఇది నాకే రానేదు."